ఏటంత దూరం?

మా వీధిలో కారు లేని ఇళ్ళు రెండే ఉండేవి. ఒకటి మాది, రెండోది తాళం పడి ఉన్న ఖాళీ క్వార్టరు. ఆ సంగతి చెప్పి నేను మూతి ముడుచుకుంటే మా నాన్న ఆ ఖాళీ క్వార్టరు వైపు చూసి, "సూడు, ఎంత నిమ్మళంగా ఉందో" అనేవాడు.

నేను భిలాయి సెక్టర్ 7లో పుట్టాను, అక్కడే పెరిగాను, పెళ్ళి చేసుకుని మూడు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళాను. అప్పగింతలప్పుడు ఏడుద్దామని గట్టిగానే ప్రయత్నించాను గానీ, అత్తవారి గుమ్మంలో నిలబడితే మా డాబా మీద ఆరేసిన దుప్పటి కనబడుతోంది. అంత దగ్గర నుంచి ఏడుపు ఎలా వస్తుంది? మా ఆయనదీ ఇక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగమే, క్వార్టరు ఆయన పేరునే ఉంది. అమ్మ పోయాక నాన్న మాతోనే ఉంటున్నాడు. వస్తూ వస్తూ రెండు పెట్టెలూ, ఒక సైకిలూ, కారంటే చిరాకూ తెచ్చుకున్నాడు.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు. క్రేను ఆపరేటరు. వాళ్ళు షాపు అనే పెద్ద షెడ్డు కప్పు కింద, ఎత్తున వేలాడే క్యాబిన్‌లో కూర్చుని, కింద నిలబడిన మనిషి చేతి సైగలు చూసి ఇనుమును ఎత్తడం, దించడం ఆయన పని. సర్వీసంతా ఆ సైకిలు మీదే గేటుకి వెళ్ళాడు, ఆ సైకిలు మీదే తిరిగి వచ్చాడు. ఒక్కరోజు కూడా డ్యూటీకి లేటు కాలేదు. ఈ మాట ఆయన చెప్పడు అనుకునేరు, రోజుకి రెండుసార్లు చెబుతాడు. బడి, బజారు, ఆసుపత్రి, గ్రౌండు, గుడి, అన్నీ సైకిలు అందుకునే దూరంలో కట్టిన ఊరు మాది. అందుకని ఆయన లెక్కలో దూరం అనేది కాళ్ళలో సత్తువ లేనివాళ్ళు కల్పించిన కథ.

ఆ కథలో ఇరుక్కున్నది నేను. నా ఉద్యోగం హథ్‌ఖోజ్‌లో. చిన్నచిన్న ఇంజనీరింగ్ యూనిట్లు వరసగా ఉండే చోటు. మా యూనిట్‌లో ఇనుప విడిభాగాలు తయారవుతాయి, అవి కొలత ప్రకారం ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేను ఒప్పుకోను. ఇంట్లో ఇదే గుణాన్ని మొండితనం అంటారు, అక్కడ జీతం ఇస్తారు.

ఇంటి నుంచి అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. చెప్పడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి! సెక్టర్ నుంచి పవర్ హౌస్ కూడలి దాకా ఒక షేర్ ఆటో. పవర్ హౌస్‌లో దిగి, "చరోదా, చరోదా" అని అరిచే ఇంకో ఆటో. అందులో రైల్వే యార్డుకి వెళ్ళే వాళ్ళ టిఫిను క్యారియర్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. కూర్చున్నాక ఆటో కదులుతుందనుకుంటే పొరపాటు. అది నిండితే గానీ కదలదు. డ్రైవరు భయ్యా స్టీరింగు మీద మోచేతులు ఆనించి, "బస్ దీదీ, ఏక్ సవారీ ఔర్" అంటాడు, ఇంకొక్క మనిషి ఎక్కితే చాలన్నట్టు. ఆ ఒక్క సవారీ ఈ భూమ్మీద ఎక్కడో ఒక చోట ఇంకా తల దువ్వుకుంటూ ఉంటుంది. అది వచ్చాక, హథ్‌ఖోజ్ మలుపు దగ్గర దిగి, లారీలు లేపే దుమ్ములో చివరి ముక్క నడక. యూనిట్ చేరేసరికి నా చీర ఏ రంగులో బయలుదేరిందో నాకే గుర్తుండేది కాదు.

స్కూటీ ఎందుకు నడపలేదంటారా? నడిపాను. ఒక వానాకాలం ఉదయాన సరిగ్గా మా యూనిట్ గేటు ముందే బురదలో జారి, నల్లటి గుంటలో ఎంతో మర్యాదగా కూర్చున్నాను. లోపల పనిచేసేవాళ్ళంతా బయటికి వచ్చి చూశారు. ఆ తరవాత స్కూటీ కూరగాయల బజారు దాటి వెళ్ళలేదు.

ఇంటికి వచ్చి రోజూ ఇదంతా ఏకరువు పెట్టేదాన్ని. నాన్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, ఒకే మాట అనేవాడు. "ఏటంత దూరం? పన్నెండు కిలోమీటర్లేగా!"

నాలుగేళ్ళు ఆ మాట విన్నాను. అన్నం పళ్ళెం ముందు విన్నాను, జ్వరంలో పడుకుని కూడా విన్నాను.

అలాంటి రోజుల్లో మా యూనిట్ యజమాని పిలిచి, ఇన్‌స్పెక్షన్ మొత్తానికి నన్ను ఇన్‌చార్జ్‌ని చేస్తానన్నాడు. నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది అదే. నా చేత్తో కొలతలు నేర్చుకున్న కుర్రవాళ్ళు ఇద్దరు అప్పటికే నా కంటే ముందు ఆ కుర్చీ వైపు చూస్తున్నారు. అయితే ఒక షరతు. లారీలు ఏడింటికి లోడవుతాయి, ఇన్‌చార్జ్ సంతకం లేకుండా గేటు దాటవు, కనుక ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండాలి. "మేడమ్, సాత్ బజే. సవా సాత్ నహీఁ" అన్నాడు, ఏడుంబావు కుదరదని ముందే చెబుతూ. నెలాఖరులోగా సరే అనాలి, లేకపోతే కుర్చీ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

ఏడింటికి! ఆ వేళకి పవర్ హౌస్‌లో ఆటో నిండడానికి మనుషులు ఇంకా నిద్ర లేవాలి కదా. మా ఆయన దింపుదామంటే ఆయనకి షిఫ్టులు. ఒక వారం ఆయన ఐదున్నరకే సైకిలెక్కి పోతారు, ఒక వారం అప్పుడే వచ్చి పడుకుంటారు. ఒక వారమంతా ప్రయోగం చేసి చూశాను. ఎంత పెందలాడే బయలుదేరినా ఏడున్నరకి ముందు ఒక్కరోజు కూడా చేరలేదు.

దూరం ఎక్కువైతే మనుషులు కారు కొంటారా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ధీమాగా చెప్పగలను. ఆ పన్నెండు కిలోమీటర్లు నన్నేమీ చెయ్యలేదు, ఆటోలో నిండని ఆ ఒక్క సీటే నన్ను కారు కొనేలా చేసింది. కిలోమీటర్లని ఎలాగో ఓర్చుకోవచ్చు. ఎదురుచూపుని ఓర్చుకోవడం నా వల్ల కాలేదు.

మా ఆయన స్నేహితుడు బదిలీ మీద వెళ్ళిపోతూ తన పాత కారు అమ్మేస్తున్నాడు. ఎర్రది, చిన్నది. చూడగానే నాకు పిచ్చి ఆనందం పట్టుకుంది. దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. తలుపు తీశాను, వేశాను, మళ్ళీ తీశాను. మా ఆయన, "గుళ్ళో ప్రదక్షిణ కూడా ఇంత భక్తిగా చెయ్యవు" అన్నారు.

దాన్ని పెట్టడానికి చోటు కావాలి కదా. సైకిలు యుగంలో కట్టిన క్వార్టర్లు, కారు వస్తుందని ఎవరూ ఊహించలేదు. గేటు లోపల ఉన్నదంతా నాన్న తోటకూర మడి, ఆనపపాదు. తోటకూర పీకించి, పందిరి వెనక్కి జరిపాం. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పూజ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. పక్కింటి దీదీ కొబ్బరికాయ కొట్టి, బోనెట్టు మీద కుంకుమతో స్వస్తిక్ వేసింది. కారు కదిలితే మూడు నిమ్మకాయలు చితికాయి, నాలుగోది జారి తప్పించుకుంది. దాన్ని నాన్న తీసుకెళ్ళి మజ్జిగలో పిండుకున్నాడు. నిమ్మకాయ మీద ఆయనకి ఏ కోపమూ లేదు.

"నాను మాత్రం అందులో ఎక్కను. ముందే సెప్పీసేను" అన్నాడు గ్లాసు దించి.

యజమానికి సరే చెప్పి, కారు నేర్చుకోవడానికి రెండు నెలలు గడువు పుచ్చుకున్నాను. డ్రైవింగ్ స్కూల్లో అద్భుతంగా నడిపాను. తీరా లైసెన్సు వచ్చాక తెలిసింది, మాస్టారి కాళ్ళ దగ్గర కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయని. అన్నాళ్ళూ నడిపింది ఆయనే. ఆదివారాలు సెక్టర్ గ్రౌండులో నేనొక్కదాన్నే తంటాలు పడుతుంటే, నాన్న ఏదో పనున్నట్టు సైకిలు మీద అటు వచ్చి, గట్టు మీద కూర్చుని, వేరే వైపు చూస్తూ నన్నే చూసేవాడు. ముందుకు బాగానే నడిపేదాన్ని. వెనక్కి అంటేనే నా కారు పీత నడక నడిచేది.

ఇన్‌చార్జ్‌గా మొదటి డ్యూటీ రోజు వచ్చింది. ఆరింటికే తయారయ్యాను. కొత్త చీర, జడలో పువ్వులు, హ్యాండ్‌బ్యాగులో కొలతలు తీసే నా సొంత వెర్నియరు. చూస్తే కారు ముక్కు ఇంటివైపు ఉంది. రాత్రి పెట్టింది మా ఆయన. నాకు దాన్ని వీధిలోకి తీసి ఇస్తానన్న మనిషి ఆ సంగతి మరిచిపోయి ఐదున్నరకే షిఫ్టుకి వెళ్ళిపోయారు. వీధిలోకి వెళ్ళాలంటే నేనే వెనక్కి తీయాలి. ఆ గేటు సందుని జానలతో రెండుసార్లు కొలిచాను.

అప్పుడే నాన్న పాలు తెచ్చాడు. లుంగీ, చొక్కా, చేతిలో రెండు పాల పేకెట్లు. సైకిల్ని అవతల కరెంటు స్తంభానికి ఆనించి, ఒకసారి కారు వైపు, ఒకసారి నా మొహం వైపు, ఒకసారి చేతి గడియారం వైపు చూశాడు. కారు మీద చిరాకుందా, ఉంది. కానీ డ్యూటీకి లేటవడం మీద ఉన్న చిరాకు దాని కంటే చాలా పాతది.

"ఒలే, ఎక్కి కూకో. నాను సిగ్నలిస్తాను. నా సెయ్యి ఒక్కటే సూడు, ఇంకేటీ సూడకు" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు మెరవడం చూశాను. సర్వీసంతా పైన కూర్చుని ఎవరెవరివో చేతులు చూసి నడుచుకున్న మనిషి. ఇన్నాళ్ళకి ఆయన చెయ్యి చూసి నడిచేవాళ్ళు ఒకరు దొరికారు. వీధిలోకి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, నిటారుగా నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, బోలెడంత ముద్దొచ్చింది కూడా.

అద్దంలో ఆయన చెయ్యే చూస్తూ వెనక్కి తీశాను. గేటు దాటాను! ఎడమ స్తంభం తగల్లేదు, కుడి స్తంభం తగల్లేదు. నా అంత గొప్పది భిలాయిలో ఉందా అనిపించింది. స్టీరింగు తిప్పాను. అద్దంలో నాన్న చెయ్యి పక్కకి చాచాడు. అరచెయ్యి నేలవైపు పెట్టి అటూ ఇటూ ఊపుతున్నాడు. మెల్లగా, మెల్లగా అంటున్నాడన్నమాట. మెల్లగా వచ్చాను. ఇంకా జోరుగా ఊపాడు. ఇంకా మెల్లగా వచ్చాను. రెండో చెయ్యి కూడా చాచి, పాల పేకెట్లతో సహా ఊపాడు. నా నిదానం చూసి ఎంత మురిసిపోతున్నాడో అనుకుని, నవ్వుకుంటూ, అతి మెల్లగా, ఎంతో ముచ్చటగా వెళ్ళి ఆయన సైకిలు మీదికి ఎక్కించాను.

కరకరమని అప్పడం విరిగినట్టు చప్పుడైంది.

దిగి చూశాను. స్తంభానికీ నా బంపరుకీ మధ్య వెనక చక్రం మడతపడి ఉంది. ఎన్ని షిఫ్టులు మోసిన సైకిలది! చిన్నప్పుడు ముందు కడ్డీ మీద కూర్చుని నేను బడికి వెళ్ళిన సైకిలు. నాకు ఏడుపు ముంచుకొచ్చేసింది. పెళ్ళిలో రానిదంతా అక్కడ వచ్చింది.

"నాన్నా, ఆపమని ఒక్క కేకైనా వెయ్యలేదేం?"

"కేకలేటి? షాపులో కేకలు ఎవడికి ఇనబడతాయి? సిగ్నలిచ్చేను కదా!" ఆయన సైకిలు వైపు చూడనే లేదు. గడియారం చూశాడు. "ఆరూ ఇరవై అయిపోనాది. సైకిలు సంగతి తరవాత. నడు, డ్యూటీకి టైమవుతోంది."

"నా వల్ల కాదు నాన్నా. మానేస్తాను."

"మానీడానికేనా నా తోటకూర పీకించినావు?"

అని, ఎక్కనన్న మనిషి ముందు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. "అక్కడ మళ్ళీ రివర్సు పెడితే నీకు సిగ్నలెవడిస్తాడు?" అన్నాడు పాల పేకెట్లు ఒళ్ళో సర్దుకుంటూ. నేను కళ్ళు తుడుచుకుని బయలుదేరాను.

పవర్ హౌస్ దాటాక గానీ అసలు విషయం బయటపడలేదు. "స్టాప్ అని అంత సాఫుగా సెప్పాను, నువ్వొచ్చీసేవు" అన్నాడు. ఎప్పుడు చెప్పావని అడిగాను. చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అద్దం ముందు ఊపి చూపించాడు. క్రేను దగ్గర అది ఆగమనే గుర్తట! అంటే నేను మెల్లగా మెల్లగా అనుకుంటూ వస్తున్నంతసేపూ ఆయన ఆగు, ఆగు, ఆగవే అంటున్నాడన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ గేరు మార్చాను, నవ్వుతూ లారీని దాటాను. ఆయన మాత్రం, "నవ్వాపు, రోడ్డు సూడు" అని బిగుసుకుని కూర్చున్నాడు. కాసేపటికి పాల పేకెట్లు కదలడం మొదలెట్టాయి. ఆయన పొట్ట నవ్వుతోంది.

ఏడుకి మూడు నిమిషాలుండగా చేరాం. రివర్సు సంగతి సాయంత్రం చూసుకోవచ్చని గోడవైపు ముక్కు పెట్టి ఆపేశాను. నాన్న దిగి నిలబడ్డాక చూశాను, కాళ్ళకి చెప్పుల్లేవు. కారెక్కడం ఆయనకి కొత్త కదా, గుమ్మం ముందు విడిచినట్టు వీధిలోనే విడిచి ఎక్కాడు! ఫోను కూడా ఇంట్లోనే ఉంది.

"నాను ఆటోలో ఎలిపోతాను. నువ్వు లోపలికెల్లు" అన్నాడు. చేతిలో నోటు పెట్టాను. ఆ పూట నా సంతకంతో మొదటి లారీ గేటు దాటింది. యజమాని గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు. లోపల నేను గంతులేశాను, పైకి మాత్రం వెర్నియరు తుడుచుకున్నాను.

ఎనిమిదింటికి పక్కింటి దీదీ ఫోను. ఒకటే ఏడుపు. ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయట, వీధిలో సైకిలు నుజ్జయి ఉందట, పక్కన బాబూజీ చెప్పులు మాత్రమే ఉన్నాయట. ఆమెకి నచ్చజెప్పి, మా గుమ్మంలో కాపలా కూర్చోబెట్టేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. బాబూజీ వస్తారు దీదీ, ఈపాటికి వచ్చేస్తూ ఉంటారు అన్నాను. తొమ్మిదైంది, రాలేదు. పది దాటాక వచ్చాడని మళ్ళీ ఫోను చేసింది. అప్పటిదాకా నేను కొలిచిన ముక్కల్ని మర్నాడు మళ్ళీ కొలవాల్సి వచ్చింది.

సాయంత్రం ఒక లారీ డ్రైవరు చేత కారు వెనక్కి తీయించుకుని ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అరికాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

"ఏటనుకుంటన్నావు?" అని మొదలెట్టాడు. "మలుపు దాకా నడిసీసరికి కంకర గుచ్చుకుని కాళ్ళు పుండైపోనాయి. చరోదా కాడి నించొచ్చిన ఆటోలన్నీ ఫుల్లు. సెయ్యెత్తితే ఒక్కడూ ఆపడు. నాలుగోవోడు డ్రైవరు సీట్లో సగం ఇచ్చేడు, ఒక కాలు బైట, ఒక కాలు లోన. పవర్ హౌస్‌లో రెండో ఆటో ఎక్కితే, ఏక్ సవారీ ఔర్ అంటాడు. కూకున్నాను, కూకున్నాను. ఆ సవారీ ఎవుడోగానీ రాడే! ఎండ, దుమ్ము. పాలు నా సేతిలోనే ఇరిగిపోనాయి." చేతులు తిప్పుతూ అభినయించి చెబుతుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా ఆయన గోడకి ఆనుకుని నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

నవ్వుతూ నవ్వుతూనే ఆగి నా వైపు చూశాడు. "నాలుగేళ్ళూ ఇలగే ఎల్లొచ్చినావేటే?"

"ఇలాగే నాన్నా."

"నాకు సెప్పలేదేటి?"

"రోజూ చెప్పాను."

"నానేటన్నాను?"

నేను చెప్పే లోపే ఆయనకే గుర్తొచ్చింది. నూనె గిన్నె మీద మూత పెట్టి, దాన్ని అవసరానికి మించి గట్టిగా నొక్కాడు. నాకు ఆ మనిషి మీద నాలుగేళ్ళుగా ఎంత కోపం ఉందో, అది ఆ క్షణంలో ఎలా కరిగిపోయిందో, రెండూ ఒకేసారి తెలిశాయి.

మర్నాడు ఆరింటికి బయటికి వస్తే కారు ముక్కు మళ్ళీ ఇంటివైపే ఉంది. మా ఆయన మళ్ళీ మరిచిపోయారు. వాళ్ళ షాపులో ఏం మరిచిపోతారో ఆ దేవుడికే తెలియాలి. నాన్న అప్పటికే వీధిలో ఉన్నాడు. ప్యాంటు వేసుకుని, చెప్పులు తొడుక్కుని ఉన్నాడు. సైకిలు ఆనపపందిరి కింద భద్రంగా ఉంది, దాని చక్రం రిపేరుకి వెళ్ళింది. నేను ఎక్కి, అద్దం సర్దుకుని వెనక్కి తీశాను. గేటు దాటాను, తిప్పాను, కరెంటు స్తంభం దగ్గరికి వచ్చాను.

అద్దంలో నాన్న చెయ్యి పక్కకి చాచబోయాడు. అలవాటు కొద్దీ అరచెయ్యి నేలవైపు తిరిగింది. మధ్యలో ఆగాడు. ఆ చేతిని వెనక్కి తీసుకుని, చౌరస్తాలో పోలీసులా, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు, నాకు అర్థమయ్యేలా అరచెయ్యి నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు.

నేను ఆగాను.